రిపోర్టు మోసేది మనం, చదివేది ఎవరు?

మన ఇళ్లలో స్కాన్ కవర్లు ఎక్కడున్నాయో ఇంటి ఆడవాళ్లకే తెలుసు. బీరువాలో చీరల కింద, రేషన్ కార్డు జెరాక్సుల పక్కన, ఎవరిది ఏదో గుర్తుపెట్టుకుని సర్దేది మనమే. ఆస్పత్రికి పోయేరోజు ఆ సంచి భుజాన వేసుకునేది మనమే. డాక్టరు అడగ్గానే తేదీ చూసి తీసిచ్చేదీ మనమే. కానీ ఆ కాగితంలో ఏం రాసుందో మనకు చెప్పేవాళ్లు ఉండరు. డాక్టరు మగవాళ్లతో మాట్లాడతాడు, పిల్లలు ఫోన్లో వెతుక్కుంటారు, చివరికి మన చెవిన పడేది ఒకటే మాట: "ఏం లేదులే."

ఈ "ఏం లేదులే" మీదే నా కోపమంతా. ఊపిరితిత్తుల్లో నాడ్యూల్ కనిపించినప్పుడు ఈ మాట ఎంత చెరుపు చేస్తుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

2021 ఏప్రిల్, మే నెలలు ఎవరం మరిచిపోలేదు కదా. కోవిడ్ రెండో విడతలో ఊరంతా ఛాతీ స్కాన్లకు పరిగెత్తింది. జనం తాకిడి చూసి మన రాష్ట్ర ప్రభుత్వం హెచ్‌ఆర్‌సీటీకి 3,000 రూపాయలకు మించి తీసుకోకూడదని ధర కట్టింది. మా సత్యవేడు నుంచి కొందరు ఊత్తుకోట మీదుగా చెన్నైకి, కొందరు నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతికి పోయి చేయించుకున్నారు. ఇంటికొచ్చాక అందరిదీ ఒకటే ప్రశ్న, "స్కోరు ఎంత?" 25కి 6 అంటే ఊపిరి పీల్చుకున్నాం, 15 అంటే వణికాం. అంతే, రిపోర్టు మడిచి కవర్లో పెట్టేశాం. స్కోరుకు కింద ఇంకో రెండు లైన్లు ఉన్న రిపోర్టులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ చదవలేదు. చదివినవాళ్లు చెప్పలేదు.

మా చిన్నత్తది అలాంటి రిపోర్టే. స్కోరు 7. కింద, కుడి ఊపిరితిత్తి పై భాగంలో 7 మిల్లీమీటర్ల నాడ్యూల్ ఉంది, 6 నెలల తర్వాత మళ్లీ సీటీ తీయించండి అని రాసి ఉంది. డిశ్చార్జి చేసిన డాక్టరు ఆ మాట ఎత్తలేదు. కొడుకు చదివాడు. "అమ్మకు చెప్తే దిగులు పడుతుంది, కోలుకున్నాక చూద్దాం" అనుకున్నాడు. అమ్మ కోలుకుంది, అబ్బాయి బెంగుళూరు ఉద్యోగానికి వెళ్లిపోయాడు, 6 నెలలు కాస్తా రెండేళ్లయ్యాయి. 2023లో ఏదో అప్లికేషన్‌కు ఆధార్ జెరాక్సు వెతుకుతుంటే కూతురి కంట పడింది. తిరుపతిలో మళ్లీ స్కాన్ తీయించి, పాత సీడీతో పక్కపక్కన పెట్టి చూశారు. అదే 7 మిల్లీమీటర్లు, వెంట్రుకవాసి పెరగలేదు. రెండేళ్లలో కదలని గట్టి నాడ్యూల్ గురించి ఇక భయం అక్కర్లేదన్నారు.

కథ బాగానే ముగిసింది. కానీ చిన్నత్త నాతో అన్నమాట నాకింకా గుచ్చుకుంటోంది. "నా ఎదలో ఏముందో నాకు తప్ప అందరికీ తెలుసు కదమ్మా!" అది పెరగకపోవడం అదృష్టం. అదృష్టాన్ని వైద్యం అనుకోకూడదు.

అసలు ఈ నాడ్యూల్ అంటే ఏమిటి? లాటిన్‌లో చిన్న ముడి అని అర్థం. స్కాన్‌లో ఊపిరితిత్తి నల్లగా కనిపిస్తుంది, అందులో 3 సెంటీమీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న గుండ్రటి తెల్ల మచ్చను నాడ్యూల్ అంటారు. అంతకు మించితే దాని పేరు వేరు, దాన్ని చూసే తొందర కూడా వేరు. తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఇక్కడ ఒక పేచీ ఉంది. కొందరు దీన్ని "గడ్డ" అంటారు, కొందరు "కణితి" అంటారు. కణితి అనగానే మన ఇళ్లలో సగం ఏడుపు మొదలవుతుంది. ఇంకొందరు "మచ్చే" అని తీసిపారేస్తారు. రెండూ తప్పే. "బుడిపె" అనే మంచి మాట మనకుంది. బుడిపె అంటే భయపడక్కర్లేదు, అలాగని దాన్ని చూడకుండా వదిలెయ్యనూ అక్కర్లేదు. నేను ఇకపై అదే వాడతాను.

బుడిపెల్లో చాలావరకు క్యాన్సర్ కావు. మన దేశంలో ఎప్పుడో వచ్చి మానిన క్షయ మచ్చలు, పాత న్యుమోనియా గుర్తులు, హాని లేని చిన్న కండ ముద్దలు, ఇలాంటివే ఎక్కువ. అమెరికాలో 53 వేల మందికి పైగా బాగా పొగతాగిన పెద్దవాళ్ల మీద ఒక పెద్ద అధ్యయనం చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. పొగతాగినవాళ్లలోనే, అనుమానం వచ్చిన ప్రతి 100 స్కాన్లలో 96 చివరికి క్యాన్సర్ కాదని తేలాయి. అదే అధ్యయనంలో ఇంకో సంగతీ తేలింది. ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లతో పోలిస్తే, సీటీ తీయించుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

ఈ రెండు లెక్కలూ కలిపి చదవాలి. మొదటిది ఏడవొద్దంటోంది. రెండోది మరిచిపోవద్దంటోంది. ఆ 96 లో ఉన్నామో మిగిలిన నాలుగులో ఉన్నామో మొదటి స్కాన్ రోజే చెప్పడం చాలాసార్లు కుదరదు. చెప్పగలిగేది రెండో స్కాన్, దానికి రాసిన తేదీ. "ఏం లేదులే" అన్నవాళ్లు ఆ తేదీనే మన దగ్గర్నుంచి లాగేసుకుంటున్నారు.

కాబట్టి రిపోర్టు చేతికొస్తే అయిదు సంగతులు వెతకండి. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో బడికెళ్లే పిల్లని కూర్చోబెట్టి చదివించుకోండి. ఒకటి, ఎక్కడుంది. పై భాగంలో ఉన్నవాటి మీద కాస్త ఎక్కువ కన్నేస్తారు. రెండు, ఎన్ని మిల్లీమీటర్లు. మూడు, ఎలాంటిది. గట్టి ముద్దలా ఉంటే సాలిడ్ అంటారు. స్నానాల గది కిటికీ గరుకు అద్దంలా మసకగా ఉంటే గ్రౌండ్ గ్లాస్ అంటారు. రెండూ కలిసి ఉంటే పార్ట్ సాలిడ్. నాలుగు, అంచు నున్నగా ఉందా, ముళ్లు ముళ్లుగా ఉందా. ముళ్లుంటే అనుమానం పెరుగుతుంది. లోపలంతా సున్నం పట్టినట్టుందని రాసి ఉంటే చాలాసార్లు అది మంచి మాటే. అయిదు, మళ్లీ ఎప్పుడు చూడమన్నారు.

ఈ అయిదో దానికి ప్రపంచమంతా వాడే ఒక పద్ధతి ఉంది. ఫ్లైష్నర్ సొసైటీ అనే ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం 2017లో సవరించి ఇచ్చిన సూచనలవి. మన వంటింటి కొలతల్లో చెప్తాను. ఒకే ఒక్క గట్టి బుడిపె, 6 మిల్లీమీటర్ల లోపు, అంటే ఇంచుమించు మిరియం గింజంత ఉండి, పొగ అలవాటు లాంటి ప్రమాదాలేవీ లేకపోతే సాధారణంగా మళ్లీ స్కానే అక్కర్లేదు. ప్రమాదాలుంటే 12 నెలలకు ఒకసారి చూడొచ్చు. 6 నుంచి 8 మధ్య ఉంటే 6 నుంచి 12 నెలల్లో ఒకసారి, అవసరాన్ని బట్టి ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య మరోసారి. 8 దాటితే, అంటే శనగ గింజను మించితే, 3 నెలలకే స్కాన్, లేదా పెట్ స్కాన్, లేదా ముక్క తీసి పరీక్ష, ఏది తగునో డాక్టరు నిర్ణయిస్తారు. మసక అద్దం రకానికి తొందర తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే 5 ఏళ్ల దాకా వెంటపడి చూస్తారు. పార్ట్ సాలిడ్ 6 అయినా, ఆపైన అయినా మొదటి స్కాన్ 3 నుంచి 6 నెలల్లోనే. ఈ లెక్కలు 35 ఏళ్లు దాటినవాళ్లకు. ఇదివరకే క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు ఇవి వర్తించవు, వాళ్ల లెక్క వేరు. దగ్గుతో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా తేదీ కోసం కూర్చోకండి, వెంటనే వెళ్లండి.

"8 ఉన్నది 10 అయ్యింది, రెండేగా!" అంటారు. ఉండలు చుట్టే చేతులు మనవి, మనకు తెలియదా? ఉండ అడ్డకొలత కొంచెం పెరిగినా పట్టే పిండి చాలా పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల బుడిపె 10 అయ్యిందంటే లోపలి సరుకు దాదాపు రెండింతలైనట్టు. అలాగని ఒకరు 6 అని, ఇంకొకరు 7 అని రాస్తే గుండె గుభేలుమనక్కర్లేదు. కొలిచే చేతిని బట్టి, ఊపిరి పట్టిన తీరుని బట్టి అంతమాత్రం తేడా వస్తుంది. 2 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పెరిగితేనే పెరిగినట్టు లెక్కేస్తారు. అందుకే రిపోర్టుల్లోని అంకెల్ని కాక, పాత బొమ్మని, కొత్త బొమ్మని పక్కపక్కన పెట్టి చూడాలి.

అంటే పాత సీడీ, ఫిల్ములు బంగారంతో సమానం. "రిపోర్టు ఉంది కదా, సీడీ ఎందుకు" అని ఏ స్కాన్ సెంటరు అన్నా వినకండి, అడిగి తెచ్చుకోండి. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్ల రికార్డులు 3 ఏళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెప్తున్నాయి. మనం వాళ్లను బతిమాలుకోవాల్సిన పని లేదు.

ఇక "చెప్తే భయపడుతుంది" అనేవాళ్ల సంగతికి వద్దాం. ఈ దాచే అలవాటు కొత్తది కాదు. క్షయ ఉందని తెలిస్తే ఆడపిల్లకు సంబంధం రాదని, కోడలిని పుట్టింటికి పంపేస్తారని, ఆ మాటే నోట రాకుండా బతికాయి మన కుటుంబాలు. మన పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచారు. దక్షిణాది ఊళ్లనుంచి రోగులు అక్కడికి వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఎంతమంది ఆ ప్రయాణానికి వేరే కారణాలు చెప్పుకునేవాళ్లో! ఆనాటి భయానికి ఒక కారణమైనా ఉంది. చాలాకాలం మందే లేదు.

ఆ తర్వాత మన పక్కనే మద్రాసులో ఏం జరిగిందో చూడండి. 1956లో అక్కడ క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. పేదవాడలలోని రోగుల్లో సగంమందిని శానిటోరియంలో ఉంచారు, సగంమందికి ఇంట్లోనే మందులిచ్చారు. 1959లో ప్రకటించిన ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. మంచి తిండి, విశ్రాంతి ఉన్న శానిటోరియం రోగులకూ, ఇరుకిళ్లలో ఉన్న రోగులకూ నయం కావడంలో పెద్ద తేడా లేదు. మందు క్రమం తప్పకుండా పడిందా లేదా అన్నదే ముఖ్యం. ఇంట్లో మందు క్రమం తప్పకుండా పడాలంటే ఏం మందో, ఎప్పటిదాకానో ఆ ఇంటికి తెలిసుండాలి. తెలియకుండా వాళ్లని కాపాడి ఉంటే ఆ ఫలితం వచ్చేదా?

భయపడుతుందంటారా? కాన్పుల నొప్పులు పడ్డదానికి, మామ పక్షవాతంతో మంచాన పడితే ఏళ్ల తరబడి ఎత్తి దించినదానికి, 7 మిల్లీమీటర్ల సంగతి వినే గుండె ఉండదా? భయం ఆమెది కాదు, ఆమె ముందు కూర్చుని ఆ మాట చెప్పలేని మీది.

క్షయ మాటెత్తాను కాబట్టి ఇంకో ఉచ్చు చెప్పాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. అందుకని ఊపిరితిత్తుల్లో ఏం కనిపించినా "టీబీయే" అని 6 నెలల మందులు మొదలుపెట్టేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. క్షయ అనుకుంటూ నెలలు గడిపి, ఆలస్యంగా క్యాన్సర్ అని తెలుసుకున్నవాళ్లు మన దేశంలో తక్కువేమీ కాదు. క్షయ అంటే కళ్లె పరీక్ష చేశారా అని అడగండి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ పరీక్ష, మందులు ఉచితం. మందులు వాడుతున్నా స్కాన్‌లో మార్పు లేకపోతే ఇంకోసారి ఆలోచించమని అడగండి. ఇదే కారణంగా పెట్ స్కాన్‌లో బుడిపె వెలిగినంత మాత్రాన క్యాన్సర్ అని తేలినట్టు కాదు. క్షయ కూడా వెలుగుతుంది.

"నేను సిగరెట్ ముట్టలేదు, నాకెందుకొస్తుంది" అనేది ఆడవాళ్ల మాట. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమంది పొగతాగనివాళ్లే. ఇంట్లో వంటచెరకు పొగ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో వర్గీకరించింది. గ్యాస్ బండ ఇప్పుడొచ్చింది సరే, అంతకుముందు మన అమ్మలు, అవ్వలు ఎన్నేళ్లు పొయ్యి ఊదారు? డాక్టరు "పొగతాగుతారా" అని అడిగితే "లేదు" అని ఊరుకోకండి. "20 ఏళ్లు కట్టెల పొయ్యి, ఇంట్లో ఆయన బీడీ" అని చెప్పండి. రాతి క్వారీల్లో, క్రషర్లలో పనిచేసి ఉంటే అదీ చెప్పండి. రాతిధూళి కూడా ఊపిరితిత్తుల్లో బుడిపెలు పుట్టిస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి ఉంటే అది తప్పక చెప్పాలి.

రేడియేషన్ భయం ఇంకొకటి. 2021 మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు గులేరియా గారు ఒక సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానమని అన్నారు. అప్పట్లో లక్షణాలు లేనివాళ్లు కూడా పదేపదే స్కాన్లు తీయించుకుంటున్నారు కాబట్టి హెచ్చరించారు. ఆ లెక్క పాతదని రేడియాలజిస్టుల సంఘం వెంటనే ఖండించింది. ఖండన మన ఊళ్లదాకా రాలేదు, 400 మాత్రం వచ్చి స్థిరపడిపోయింది. మామూలు ఛాతీ సీటీలో సుమారు 7 మిల్లీసీవర్టులు, లో డోస్ సీటీలో సుమారు ఒకటిన్నర ఉంటుంది. నేలనుంచి, ఆకాశంనుంచి మనిషికి ఊరికే ఏడాదికి సగటున 2.4 పడుతుంది. బుడిపెను మళ్లీ చూడటానికి లో డోస్ చాలు, సాధారణంగా నరానికి మందు ఎక్కించనక్కర్లేదు. "లో డోస్‌లో తీస్తారా?" అని అడగండి. గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానం ఉన్నా ముందే చెప్పండి.

"ఏం లేదులే" మనుషులకు ఎదురుగా ఇంకో రకం ఉన్నారు, "అంతా అయిపోయింది" మనుషులు. మా వీధిలోనే 4 మిల్లీమీటర్ల బుడిపెకు తాళి గొలుసు కుదువ పెట్టి పెట్ స్కాన్ చేయించిన ఇల్లుంది. 8 మిల్లీమీటర్ల లోపు బుడిపెలకు పెట్ స్కాన్ నమ్మకంగా ఏమీ చెప్పలేదు. ఆ డబ్బు, ఆ నెలరోజుల ఏడుపు ఎవరి ఖాతాలో రాయాలి? పరీక్ష రాసినప్పుడు "దీన్లో ఏం తేలితే మీరు ఏం చేస్తారు, తేలకపోతే ఏం చేస్తారు?" అని అడిగే హక్కు మనకుంది. సమాధానం చెప్పని చోట ఇంకొకరికి చూపించండి. మనకు అటు తిరుపతిలో రుయా, స్విమ్స్, 2022లో తెరిచిన టాటా వాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఇటు వేలూరు సీఎంసీ, 1954 నుంచి ఉన్న అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. దారి లేనివాళ్లం కాదు.

డాక్టర్లకు, స్కాన్ సెంటర్లకు కూడా ఒక మాట. మా వైపు రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, చెన్నైలో చెప్పేవాళ్లు తమిళంలో చెప్తారు, వినేది తెలుగు మనిషి. ఈ మూడింటి మధ్యన తేదీ జారిపోతోంది. రిపోర్టు అడుగున తెలుగులో ఒక్క లైను, "ఫలానా నెలలో ఈ స్కాన్ మళ్లీ తీయించాలి, ఈ సీడీ తీసుకురావాలి" అని ముద్ర కొట్టి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? రోగి ఎదురుగా ఉండగా ఆమె కొడుకుతో మాట్లాడే పద్ధతి మానుకోవడానికైతే ఖర్చే లేదు.

చివరగా మనకు మనం చెప్పుకోవాల్సింది. ఆయన బీపీ మాత్రల తేదీ మనకు గుర్తే, పిల్లల టీకాలు గుర్తే, అత్తగారి కంటి చెకప్పు గుర్తే. మన స్కాన్ తేదీ వచ్చేసరికి పిల్లాడి పరీక్షలు, గంగజాతర, పెరటాసి శనివారాలు, ఆడపడుచు కూతురి సీమంతం అడ్డమొస్తాయి. "వచ్చే నెల్లో చూద్దాం" అంటాం. దాన్ని త్యాగమని ఎవరైనా పొగిడితే నమ్మకండి. 3 నెలలు అన్నది 3 నెలలే, దానికి పండగలతో పని లేదు.

ఈరోజే ఆ కవర్లు తీయండి. 2020, 21లో తీయించిన ఛాతీ స్కాన్లు ఇంటిల్లిపాదివీ బయటపెట్టండి. స్కోరు కాదు, అడుగు లైన్లు చదివించండి. బుడిపె అని ఉండి తేదీ దాటిపోయి ఉంటే, ఎన్నేళ్లయినా సరే, ఆ సీడీ పట్టుకుని వెళ్లండి. పాత బొమ్మ ఉండటం మేలే. తేదీ ఇంకా ముందుంటే దాన్ని ఫోన్లో కాదు, వంటింటి గోడ మీది క్యాలెండర్లో రాయండి. పాలవాడి నాగాలు, గ్యాస్ బండ వచ్చిన రోజు రాసుకునే చోటే, మీ పేరు పెట్టి, ఇంట్లో అందరికీ కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయండి.